పరపతి తరిగిన తరువాత వచ్చిన మంచి యంత్రము

2001వ సంవత్సరము జనవరి 31వ తేదీన జపాను దేశమునకు చెందిన సేగా సంస్థ ఒక ప్రకటన చేసినది. తాము తయారు చేయుచున్న డ్రీమ్‌కాస్ట్ అను వీడియో గేమ్ కన్సోలు ఉత్పత్తిని మార్చి నెలాఖరుతో నిలిపివేయుచున్నామనియు, ఇకమీదట కన్సోళ్ల తయారీ జోలికి పోమనియు, ఇతరుల కన్సోళ్లకు ఆటలు మాత్రము రూపొందించి అమ్ముకొందుమనియు దాని సారాంశము. అప్పటికి ఆ యంత్రము జపానులో విడుదలయి రెండు సంవత్సరములు దాటినది. అమెరికాలో విడుదలయి పదునేడు నెలలైనను నిండలేదు.

అది నాసిరకపు యంత్రమై యుండినచో ఇందులో చెప్పుకొనదగిన విశేషము లేదు. పనికిరాని వస్తువు అంగడిలో నిలువకపోవుట వింత కాదు. కాని డ్రీమ్‌కాస్ట్ మంచి యంత్రము. దానికి శత్రువులైనవారు కూడ ఆ మాట కాదనలేదు. వెల తక్కువ, బొమ్మలు స్పష్టము, ఆటలు నవ్యములు. టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్టుతో కలుపుకొని దూరదేశములలోని వారితో ఆడుకొనుటకు వలసిన మోడెము ఆ పెట్టెలోనే అమర్చబడి యుండెను. అట్టి యంత్రము ఎందుకు నిలువలేదు? నా ఉద్దేశములో దీనికి సమాధానము ఆ యంత్రములో లేదు. దానికి ముందు ఏడెనిమిది సంవత్సరములలో ఆ సంస్థ చేసిన పనులలో ఉన్నది.

ఈ వ్యాపారపు లోగుట్టు తెలియనివారి కొరకు ఒక్క మాట చెప్పవలెను. రేడియో సెట్టును ఎవరును పెట్టె నునుపు చూచి కొనరు. అందులో వినవచ్చు కార్యక్రమముల కొరకు కొందురు. కన్సోలు కూడ అట్టిదే. టెలివిజనుకు తగిలించెడి ఆ పెట్టె స్వతహాగా ఏమియు చేయదు. దానిలో వేయు ఆటల కొరకే దానిని కొందురు. తయారు చేసినవారికి పెట్టెమీద మిగులునది స్వల్పము. ఒక్కొక్కప్పుడు నష్టమునకు కూడ అమ్ముదురు. లాభమంతయు ఆటల మీదనే. తమ స్వంత ఆటల అమ్మకము ఒకటి. ఇతర సంస్థలు ఆ యంత్రమునకు ఆటలు తయారు చేసినప్పుడు ప్రతి ప్రతికి చెల్లించెడి రుసుము మరియొకటి.

అయితే రేడియోకును కన్సోలుకును ఒక పెద్ద భేదము కలదు. మనము కొన్న రేడియో సెట్టు ఏ కంపెనీదైనను హైదరాబాదు కేంద్రమును పట్టును, విజయవాడ కేంద్రమును పట్టును. కన్సోలు అట్లు కాదు. సేగా యంత్రములో సేగా ముద్ర గల ఆటలే ఆడును. నింటెండో యంత్రములో నింటెండో ముద్ర గలవే ఆడును. కనుక కన్సోలు కొనువాడు ఆ దినమున చేతికి వచ్చిన వస్తువునకు మాత్రమే ధర చెల్లించుట లేదు. రాబోవు నాలుగైదు సంవత్సరములు ఈ యంత్రమునకు ఆటలు వచ్చుచుండునను నమ్మకమునకు చెల్లించుచున్నాడు. ఆటలు తయారు చేయువాడును అంతే: ఈ యంత్రము లక్షలాది గృహములలో ఉండునని నమ్మిననే గాని ఒకటి రెండు సంవత్సరముల శ్రమను, ధనమును దానిమీద పెట్టడు. దుకాణదారుడును అంతే: నమ్మిననే గాని అలమారలో చోటు ఇయ్యడు. ఈ ముగ్గురి నమ్మకమునకు మన వర్తకుల భాషలో ఒక చక్కని పేరున్నది. పరపతి. బజారులో పరపతి గలవాడు చేతిలో కాసు లేకున్నను సరకు తెచ్చుకొనగలడు; అది పోయినవానికి రొక్కము చూపినను సరకు దొరకుట కష్టము.

సేగాకు ఒకప్పుడు ఈ పరపతి దండిగా ఉండెను. 1988లో జపానులో మెగాడ్రైవ్ అను పేరను, 1989లో అమెరికాలో జెనిసిస్ అను పేరను వారు విడుదల చేసిన యంత్రము మూడు కోట్లకు పైగా అమ్ముడయినది. అంతకుముందు అమెరికా గృహములలో నింటెండో సంస్థకు ఎదురు లేదు. 1990లో అమెరికా శాఖకు అధిపతిగా వచ్చిన టామ్ కలిన్‌స్కీ బొమ్మల వ్యాపారములో తలపండినవాడు. ఆయన వెల తగ్గించెను. 1991లో సోనిక్ అను నీలివర్ణపు ముళ్లపందిని నాయకునిగా చేసిన ఆటను యంత్రముతో పాటు కలిపి ఇప్పించెను. నింటెండో పిల్లలది, సేగా యువకులది అను భావమును ప్రకటనల ద్వారా పాదుకొల్పెను. కొంతకాలము అమెరికాలో సగమునకు మించిన విపణి సేగా చేతిలో ఉండెను. ఇంత పేరు సంపాదించుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టినది. దానిని వ్యయము చేయుటకు అంత కాలము కూడ పట్టలేదు.

మొదటి వ్యయము 1992లో జరిగినది. జెనిసిస్ యంత్రమునకు అడుగున తగిలించెడి సీడీ పరికరమును అమెరికాలో 299 డాలర్లకు విడుదల చేసిరి. యంత్రము కంటె దాని అనుబంధమునకే వెల ఎక్కువ! అందులో వచ్చిన ఆటలు కొన్ని చలనచిత్రపు తునకలను అతికించినట్లు ఉండెను. కొన్నవారు కొద్దిమంది; తృప్తి పొందినవారు ఇంకను కొద్దిమంది. రెండవ వ్యయము 1994 నవంబరులో. అదే జెనిసిస్ యంత్రమునకు పైభాగమున పుట్టగొడుగు వలె నిలుచు 32 ఎక్స్ అను మరియొక అనుబంధమును 159 డాలర్లకు ఇచ్చిరి. పాత యంత్రమునకు క్రొత్త శక్తి వచ్చునని చెప్పిరి. సరిగా అదే నెలలో, అదే సంస్థ, జపానులో సాటర్న్ అను పూర్తిగా క్రొత్త యంత్రమును విడుదల చేసినది! 32 ఎక్స్ ఆటలు సాటర్న్‌లో ఆడవు. జెనిసిస్ ఆటలును ఆడవు. ఇంటికి క్రొత్త గది వేయించుకొమ్మని చెప్పి, గోడలు లేచుచుండగనే ఎదురుగా క్రొత్త భవనము కట్టి చూపినట్లయినది. 32 ఎక్స్‌కు నలువది ఆటలు మాత్రమే వచ్చినవి. దుకాణదారులు మిగిలిన సరకును చివరకు ఇరువది డాలర్లకు వదిలించుకొనవలసి వచ్చినది.

ఒక్కసారి ఆ సంస్థను నమ్మిన ఒక అమెరికా కుటుంబపు పద్దు వేసి చూడుడు. 1989లో జెనిసిస్ 189 డాలర్లు. 1992లో సీడీ పరికరము 299. 1994లో 32 ఎక్స్ 159. 1995లో సాటర్న్ 399. ఆరు సంవత్సరములలో ఒకే సంస్థ యంత్రములకు 1,046 డాలర్లు. ఇందులో ఆటల వెల చేరలేదు. అన్నిటికంటె ఎక్కువ నష్టపోయినవాడు అన్నిటికంటె ఎక్కువ నమ్మినవాడు అని గమనింపవలెను. సేగాను పట్టించుకొనని వానికి ఏ నష్టమును లేదు.

ఇక 1995 మే 11వ తేదీ. లాస్ ఏంజెలెస్ నగరములో ఈ-త్రీ అను వీడియో గేముల ప్రదర్శన మొదటిసారిగా జరుగుచున్నది. సాటర్న్ అమెరికాలో సెప్టెంబరు 2వ తేదీన విడుదలగునని సేగా అంతకుముందే ప్రకటించి యుండెను. దానికి తగినట్లు ఆటల తయారీదారులు తమ పనులను అమర్చుకొనుచుండిరి. దుకాణదారులు తమ లెక్కలను వేసికొనుచుండిరి. ఆ దినమున కలిన్‌స్కీ వేదిక ఎక్కి, సాటర్న్ ఇప్పటికే దుకాణములలో ఉన్నదని, వెల 399 డాలర్లని ప్రకటించెను. ముప్పదివేల యంత్రములను నాలుగు దుకాణ సంస్థలకు మాత్రము రహస్యముగా చేరవేసిరి. సోనీ సంస్థ ప్లేస్టేషను రాకముందే నాలుగు నెలలు ముందంజ వేయవలెనని జపానులోని ప్రధాన కార్యాలయము వారి ఉద్దేశము. అది తనకు ఇష్టము లేని పని అని, పైవారి ఆజ్ఞ అని కలిన్‌స్కీ తరువాతి కాలములో చెప్పియున్నాడు.

అదే దినమున కొంతసేపటికి సోనీ వారి వంతు వచ్చినది. ఆ సంస్థ అమెరికా శాఖకు అధ్యక్షుడు స్టీవ్ రేస్ వేదిక మీదికి వచ్చి 299 అను ఒక్క అంకెను పలికి దిగిపోయెను. సభ చప్పట్లతో మారుమ్రోగినది. ఈ సన్నివేశమును చెప్పువారందరును వెల భేదమును గురించియే చెప్పుదురు. నూరు డాలర్లు చిన్న మొత్తము కాదు, నిజమే. కాని వెల తగ్గించుకొనుట చేతిలోని పని. ఆ అక్టోబరులోనే సేగా కూడ 299కి దిగినది. (మే నెలలో 399 పెట్టి కొన్నవారు ఏమనుకొని యుందురో ఊహింపవచ్చును.) తగ్గించుకొనుటకు వీలులేని నష్టము ఆ రహస్య విడుదలలో ఉన్నది.

నాలుగు సంస్థలకు సరకు అందినదనగా తక్కినవారికి అందలేదన్నమాట. ఏండ్ల తరబడి సేగా సరకును అమ్మిన పెద్ద దుకాణ సంస్థలు తమకు చెప్పకుండ పోటీదారులకు ముందు ఇచ్చినందుకు ఆగ్రహించినవి. బొమ్మల దుకాణములకు ప్రసిద్ధి చెందిన కేబీ టాయ్స్ సంస్థ ఇకమీదట సేగా వస్తువులనే అమ్మనని నిరాకరించినది. ఆటల తయారీదారుల సంగతి మరియు కష్టము. సెప్టెంబరుకు సిద్ధము కావలసిన ఆటలు మే నెలలో ఎట్లు సిద్ధమగును? విడుదల నాడు లభించిన ఆటలు ఆరు. ఆ ఆరును సేగా స్వయముగా ప్రకటించినవే. వేసవి అంతయు క్రొత్త ఆటలు అరుదు. కొన్నవారు ఆ ఆరింటినే త్రిప్పి త్రిప్పి ఆడుకొనవలసినదే. కార్యక్రమములు లేని రేడియో కేంద్రమునకు ప్రసార గోపురము ఎంత ఎత్తున్న నేమి?

సాటర్న్ నిర్మాణము కూడ ఈ కష్టమును పెంచినది. అందులో హిటాచీ సంస్థ తయారు చేసిన రెండు ప్రధాన ప్రాసెసర్లు, బొమ్మలను గీయుటకు వేరుగా మరి రెండు భాగములు ఉండెను. రెండెద్దులను ఒకే కాడికి కట్టి సమముగా నడిపించుట అందరు సేద్యగాండ్రకును చేతనగు పని కాదు. ఆరితేరిన సేగా స్వంత నిపుణులు నడిపించిరి, బయటివారు తడబడిరి. పైగా ఆనాటి పద్ధతి త్రికోణములతో ఆకారములను కూర్చుట కాగా, సాటర్న్ చతుర్భుజములతో కూర్చెడిది. సోనీ యంత్రము ఇంతకంటె సరళమైనది. దానికి ప్రోగ్రాములు వ్రాయువారికి కావలసిన సాధన సామగ్రిని కూడ సోనీ వారు సమృద్ధిగా సమకూర్చిరి. బయటివారు అటే మొగ్గిరి.

జపానులో సాటర్న్ విఫలము కాలేదని న్యాయముగా చెప్పవలెను. మొదటి దినముననే రెండు లక్షల యంత్రములు అక్కడ చెల్లిపోయినవి. మెగాడ్రైవ్ కంటె అక్కడ దానికి ఎక్కువ ఆదరణ లభించినది. కాని ప్రపంచమంతట కలిపి సాటర్న్ సుమారు 92 లక్షలు అమ్ముడు కాగా, ప్లేస్టేషను పది కోట్లు దాటినది. సేగాను అమెరికాలో గృహగృహమునకు తీసికొనిపోయిన ముళ్లపంది సోనిక్‌కు సాటర్న్ మీద సరియైన క్రొత్త ప్రధాన ఆటయే రాలేదు. తలపెట్టిన ఆట మధ్యలో ఆగిపోయినది. నాయకుడు లేని నాటకము ఎన్ని రాత్రులు ఆడును?

కలిన్‌స్కీ 1996లో తప్పుకొనెను. ఆయన తరువాత అమెరికా శాఖ బాధ్యతలు చేపట్టిన బెర్నీ స్టోలార్ 1997లో, తమ సంస్థ భవిష్యత్తు సాటర్న్‌లో లేదని బహిరంగముగానే చెప్పివేసెను. ఆ మాటలో అసత్యము లేదు. కాని అమ్ముచున్న వస్తువును గురించి అమ్మువాడే ఇట్లు చెప్పిన పిమ్మట దానిని కొనెడివాడెవడు? దానికి ఆట తయారు చేయుచున్నవాడు ఏమి కావలెను? 1998లో అమెరికాలో సాటర్న్ అంగడి నుండి తొలగినది. డ్రీమ్‌కాస్ట్ అక్కడికి వచ్చునది 1999 సెప్టెంబరులో. నడుమ సంవత్సరమునకు పైబడిన కాలము సేగా పేరుగల కన్సోలు ఆ దేశములో లేనట్లే. ఆ కాలములో అభిమానులు ఊరకుండలేదు, ప్లేస్టేషను కొనుక్కొనిరి.

ఇప్పుడు డ్రీమ్‌కాస్ట్ వద్దకు వత్తము. సేగా తన తప్పులను తెలిసికొన్నదనుటకు ఈ యంత్రమే సాక్ష్యము. రెండు ప్రాసెసర్ల చిక్కు తొలగించి ఒకే ప్రధాన ప్రాసెసరును పెట్టిరి. ప్రోగ్రాములు వ్రాయువారికి సులభమగునట్లు చేసిరి. అమెరికాలో వెల 199 డాలర్లు. విడుదల తేదీని చాటుమాటుగా కాక, ఎవరును మరువలేనట్లు తొమ్మిదవ నెల తొమ్మిదవ తేదీ తొంబదితొమ్మిది అని నెలల ముందే ఊరంతయు చాటిరి. సరిగా నాలుగు సంవత్సరముల క్రిందట అదే తేదీన ప్లేస్టేషను అమెరికాలో విడుదలయినది! ఆరు ఆటలకు బదులు పదునెనిమిది ఆటలు మొదటి దినముననే సిద్ధము. ఆ ఒక్కనాడు రెండు లక్షల పైచిలుకు యంత్రములు అమ్ముడయినవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నారని ఎగతాళి చేయుట సులభము; కాని వారు ఆకులను చక్కగా పట్టుకొన్నారని ఒప్పుకొనవలెను.

జపానులో విడుదలకు ముందు వారు ప్రదర్శించిన ఒక ప్రకటన వ్యాపార చరిత్రలోనే అరుదైనది. సేగా సంస్థ నిర్వాహకులలో ఒకరైన యుకావా అను ఆయన స్వయముగా నటించెను. వీధిలో ఇద్దరు బాలురు, సేగా ఆటలు బాగుండవు, ప్లేస్టేషనే మేలు అని చెప్పుకొనుచుండగా ఆయన విని కుంగిపోవును. తమకు అపకీర్తి వచ్చినదని తమ సొమ్ముతో తామే టెలివిజనులో చాటుకొనిరి! నాకు ఇది ఎంతో నచ్చిన విషయము. దేశమంతయు యుకావాను మెచ్చుకొనినది. కాని 1998 నవంబరు 27న యంత్రము విడుదలయిన నాడు, బొమ్మలు గీయు చిప్పుల కొరతవలన సరకు చాలలేదు. ఉన్నంతవరకు క్షణములలో చెల్లిపోయినది. ముందుగా డబ్బు కట్టినవారిలో కూడ కొందరికి దొరకలేదు. సోనిక్ క్రొత్త ఆట ఆ దినమునకు అందక డిసెంబరు చివరికి వచ్చినది. క్షమాపణ చెప్పుకొనిన నోటితోనే మరల క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన ఇండ్లలో పిల్లలందరును ఎరుగుదురు. మొదటినాడు కాగిన పాలు పోసి దాని నోరు కాల్చెను. తరువాత చల్లని పాలు ఎదుట పెట్టినను అది చూచి పారిపోయెడిది. రాయల సభలో పాల శ్రేష్ఠతను పరీక్షించి లాభము లేదు, పాలు మంచివే. డ్రీమ్‌కాస్ట్ ఎదుర్కొన్న చిక్కు ఇదే.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థ ఆ దేశములో క్రీడలను ఆధారముగా చేసికొన్న ఆటలకు పెట్టినది పేరు. జెనిసిస్ విజయములో దాని పాత్ర పెద్దది. (ఈనాడు ఆ సంస్థకు మన హైదరాబాదులో పెద్ద కార్యాలయమున్నది.) ఆ సంస్థ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క ఆటయైనను తయారు చేయలేదు. కారణములు పలువురు పలు విధములుగా చెప్పుదురు. క్రీడల ఆటలపై తమకే గుత్తాధికారము కావలెనని వారు అడిగిరని, తాము కాదంటిమని స్టోలార్ చెప్పెను. సేగా మాటి మాటికి త్రోవ మార్చుచుండుటచే విసిగితిమని అవతలి పక్షము. రెండును నిజము కావచ్చును. 1991లో ఇట్టి తగవు వచ్చి యుండినచో ఏదో విధముగా సర్దుబాటు జరిగెడిది. ఎందుకనగా ఆనాడు సేగాను వదలుకొనుట అవతలివారికి నష్టము. 1999లో వదలుకొనుటయే క్షేమమని తోచినది. జపానులో ఫైనల్ ఫాంటసీ ఆటలకు ప్రసిద్ధమైన స్క్వేర్ సంస్థ కూడ ఇటు తొంగి చూడలేదు. సేగా క్రీడల ఆటలు తయారు చేయు ఒక సంస్థను తానే కొని, అమెరికా ఫుట్‌బాలు ఆటను తానే రూపొందింపజేసినది. మంచి ఆటయే. కాని ఇంటింటను తెలిసిన పేరు వేరు, మంచి వేరు.

ఇక కొనువారి సంగతి. సోనీ సంస్థ ప్లేస్టేషను 2ను గురించి 1999 మార్చిలోనే ప్రకటించినది. అది జపానులో విడుదలయినది 2000 మార్చి 4న; అమెరికాలో అక్టోబరు 26న, 299 డాలర్లకు. అనగా అమెరికాలో డ్రీమ్‌కాస్ట్‌కు పదుమూడు నెలల ఏకఛత్రాధిపత్యము లభించినది. ఆ కాలములో సేగా వెలను 149 డాలర్లకు తగ్గించినది. ఇంటర్నెట్టు ఆటల కొరకు ప్రత్యేక వ్యవస్థ ఏర్పరచినది. అయినను జనులు వేచియుండిరి. ఎదుట సిద్ధముగా ఉన్న 149 డాలర్ల యంత్రమును విడిచి, ఇంకను కంటికి కనబడని 299 డాలర్ల యంత్రము కొరకు వేచియుండుట వ్యాపారములో సామాన్య విషయము కాదు.

ప్లేస్టేషను 2లో డీవీడీ చలనచిత్రములు చూడవచ్చును, అందుకే వేచియుండిరని సామాన్యముగా చెప్పుదురు. అది నిజమే, ఆనాడు డీవీడీ పరికరము విడిగా కొనుట వ్యయముతో కూడిన పని. సోనీ ధనబలమును, చిప్పులను తానే తయారు చేసికొనగల శక్తియు సేగాకు లేవు. కాని నేను మరియొక అంశమును దీనికంటె ముఖ్యమని తలచుచున్నాను. పాత ప్లేస్టేషను ఆటలు ప్లేస్టేషను 2లో ఆడును. ఐదు సంవత్సరములు ఒక్కొక్కటిగా కొని దాచుకొన్న డిస్కులు చెత్తబుట్ట పాలు కావు. మీరు మాకు నిన్న ఇచ్చిన సొమ్ము నేటికిని మీదే అని సోనీ తన ఖాతాదారులకు చెప్పినట్లయినది. సేగా వద్ద 32 ఎక్స్ కొన్నవానికి, సాటర్న్ కొన్నవానికి ఏమి చెప్పబడినదో మనము చూచితిమి.

మూలిగే నక్క మీద తాటిపండు పడినట్లు, 2000లో డ్రీమ్‌కాస్ట్ రక్షణలో ఒక లోపము బయటపడినది. సంగీతపు సీడీల కొరకు ఉంచిన ఒక మార్గము గుండా దొంగ ప్రతులను ఆడించుట సాధ్యమయినది. దీనికి విశేష ప్రాధాన్యము ఇచ్చువారు కలరు. దొంగ ప్రతులు ప్లేస్టేషనుకును ఉండెను. అది పది కోట్లు అమ్ముడుపోయినది. కనుక ఈ వాదమును నేను అంతగా అంగీకరింపను. మొత్తము మీద డ్రీమ్‌కాస్ట్ సుమారు 91 లక్షలు అమ్ముడయినది. చిత్రమేమనగా, ఎన్నో విధముల మేలైన ఈ యంత్రము తుదకు సాటర్న్ చేరిన అంకె వద్దనే ఆగినది.

ఒక కన్సోలు విఫలమైన ప్రతి సంస్థకును ఇదే గతి పట్టునని అనుకొనరాదు. 2012లో నింటెండో సంస్థ వీ-యూ అను యంత్రమును విడుదల చేసినది. దానికి ముందు వచ్చిన వీ యంత్రము పది కోట్లకు పైగా అమ్ముడయినది. క్రొత్తది వేరు యంత్రమో, పాతదానికి అనుబంధమో జనులకు ఆ పేరును బట్టి తెలియలేదు. ఐదు సంవత్సరములలో 1 కోటి 35 లక్షలు మాత్రము అమ్ముడయినది. వైఫల్యమని ఒప్పుకొనవలసిన అంకె. 2014లో ఆ సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాటా కొన్ని నెలలపాటు తన జీతమును సగమునకు తగ్గించుకొనెను. అయితే నింటెండో ఆ యంత్రమును రాత్రికి రాత్రి విడిచిపెట్టలేదు. పాత వీ ఆటలు అందులో ఆడెడివి. అమ్మకములు లేవని తెలిసియు మారియో కార్ట్ 8, స్ప్లటూన్ వంటి మేలైన ఆటలను దానికి ఇచ్చుచునే యుండినది. 2017 మార్చిలో స్విచ్ అను క్రొత్త యంత్రము వచ్చిననాడు జెల్డా క్రొత్త ఆటను రెండు యంత్రములకును ఒకేసారి విడుదల చేసినది. వీ-యూ మీద 84 లక్షల ప్రతులు అమ్ముడయిన మారియో కార్ట్ 8, మెరుగులు దిద్దుకొని స్విచ్ మీదికి వచ్చి ఆరు కోట్లు దాటినది. స్విచ్ యంత్రము 15 కోట్లు మించినది. యంత్రము పోయినను పరపతి పోలేదు. అదే వారిని గట్టెక్కించినది. సేగా సీడీ పరికరమునకు గాని, 32 ఎక్స్‌కు గాని, సాటర్న్‌కు గాని ఇట్టి మర్యాద జరిగి యుండినచో 1999 నాటి కథ వేరుగా ఉండెడిదేమో.

సేగా పూర్తిగా మునిగిపోకుండుటకు ఒక మనుష్యుడు కారణము. ఇసావో ఒకావా అను వ్యాపారవేత్త సేగాకు మాతృసంస్థ అయిన సీఎస్‌కే స్థాపకుడు. 1999లో ఆయన తన స్వంత సొమ్ము 50 కోట్ల డాలర్లు సేగాకు అప్పిచ్చెను. కన్సోళ్ల తయారీ మానుకొని ఆటల తయారీకే పరిమితము కావలెనని ఆయన అభిప్రాయము. సంస్థ ఆ నిర్ణయము తీసికొను నాటికి ఆయన వ్యాధిగ్రస్తుడు. మరణమునకు కొలది కాలము ముందు ఆ అప్పును మాఫీ చేసెను. అంతటితో ఊరకుండక, తన పేర నున్న సేగా, సీఎస్‌కే వాటాలను, సుమారు 69.5 కోట్ల డాలర్ల విలువ గలవానిని, సంస్థకే తిరిగి ఇచ్చివేసెను. 2001 మార్చి 16న ఆయన గతించెను. ఆ నెలాఖరుననే డ్రీమ్‌కాస్ట్ ఉత్పత్తి ఆగినది. అటుపై 2004లో సేగా సంస్థ సామీ అను సంస్థతో కలిసిపోయినది.

డ్రీమ్‌కాస్ట్ కొరకు పుట్టిన ఆటలలో పెక్కు చచ్చిపోలేదు. వీధులు, దుకాణములు, వాన, పగలు, రాత్రి అన్నియు గల ఒక పట్టణమునే నిర్మించిన షెన్మూ, ఇంటర్నెట్టు ద్వారా నలుగురు కలిసి సాహసయాత్ర చేయు ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ మొదలైనవి ఇతర యంత్రముల మీదికి చేరినవి. సోనిక్ సంగతి చెప్పి ముగింతును. పది సంవత్సరములు నింటెండోను ఎగతాళి చేయుటకే పుట్టెనేమో అనిపించిన ఆ ముళ్లపంది 2001 డిసెంబరులో నింటెండో గేమ్‌క్యూబ్ మీదికి వచ్చినది. 2007లో విడుదలయిన ఒక ఒలింపిక్ క్రీడల ఆటలో నింటెండో నాయకుడు మారియోయు, సోనిక్‌ను ఒకే మైదానములో ప్రక్కప్రక్కన నిలిచి పరుగు పందెమునకు సిద్ధమయిరి. ఆ ఆట పెట్టె మీద ఇద్దరి బొమ్మలును ఉన్నవి. యంత్రము మాత్రము నింటెండో వారిది.